ఉన్న ఊళ్లో మంచి జనరల్ ఫిజీషియన్‌ను వెతుక్కోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మూడేళ్ల కిందట హైదరాబాద్ నుంచి కాకినాడకు మారాం. అమ్మకు షుగరు, బీపీ, థైరాయిడ్. నాన్నకు మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కితే ఆయాసం. మొదటి ఏడాదిలో ఐదుగురు డాక్టర్ల గుమ్మాలు తొక్కి, ఆరో ఆయన దగ్గర ఆగాం. అప్పటి నుంచి అపార్ట్‌మెంట్‌లో, ఆఫీసులో, చుట్టాల ఫోన్లలో అవే సందేహాలు. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక అయిపోయి ఇలా రాసి పెడుతున్నాను. నేను డాక్టర్ని కాదు. మందుల గురించి చివరి మాట మీ డాక్టరుదే.

## వెతకడానికి ముందు

జనరల్ ఫిజీషియన్ అంటే మామూలు ఎంబీబీఎస్ డాక్టరేనా?

కాదు. ఎంబీబీఎస్ అంటే నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. దాని తర్వాత ఇంకో మూడేళ్లు జనరల్ మెడిసిన్‌లో ఎండీ గానీ, దానికి సమానమైన డీఎన్‌బీ గానీ చేసినవారిని మనవాళ్లు జనరల్ ఫిజీషియన్ అంటారు. అమెరికా చుట్టాలు ఇంటర్నల్ మెడిసిన్ అనేది కూడా ఇదే. ఆపరేషన్ అక్కర్లేకుండా మందులతో చూసే పెద్దవాళ్ల జబ్బులన్నీ వీరి పరిధిలోవే: డెంగీ, టైఫాయిడ్ లాంటి జ్వరాలు, షుగరు, బీపీ, థైరాయిడ్, రక్తం తక్కువగా ఉండటం, ఆస్తమా, కారణం తెలియని నీరసం. అలాగని జలుబుకీ ఒంటినొప్పులకీ ఎండీ డాక్టరే కావాలనుకోకండి. వీధి చివర ఎంబీబీఎస్ డాక్టరు గారు చాలు.

షుగరుకు షుగర్ డాక్టరు, గుండెకు గుండె డాక్టరు ఉన్నారు కదా. మధ్యలో ఈయనెందుకు?

మేమూ అలాగే అనుకున్నాం. అమ్మను షుగరుకు ఒకరికి, గుండె దడగా ఉందంటే ఇంకొకరికి చూపించాం. ఇద్దరూ బీపీ మాత్ర రాశారు. పేర్లు వేరు, రంగులు వేరు, కాబట్టి రెండూ వేర్వేరు మందులనుకుని అమ్మ పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంది. పది రోజులకు బాత్రూమ్‌లో కళ్లు తిరిగి గోడ పట్టుకుని కూర్చుండిపోయింది. ఆ రోజు రెండు స్ట్రిప్పులూ తిప్పి వెనకాల చిన్న అక్షరాలు చదివాను. రెండింటి మీదా టెల్మిసార్టాన్ 40 అనే ఉంది. కంపెనీలే వేరు.

తప్పు ఆ డాక్టర్లది అనను. ఒకరు రాసిన చీటీ ఇంకొకరికి మేం చూపించలేదు. కానీ అన్ని చీటీలూ ఒకే బల్ల మీద పరిచి, ఇది ఉంచండి, ఇది తీసేయండి అని చెప్పే మనిషి మాకు అప్పటికి లేరు. ఫిజీషియన్ అవసరం అక్కడ వస్తుంది. గుండె డాక్టరు వద్దని కాదు. ఎప్పుడు వెళ్లాలో, వెళ్లొచ్చాక ఏ మాత్ర మిగలాలో ఈయన చూసుకుంటారు.

పిల్లలను కూడా ఈయనకే చూపించవచ్చా?

చిన్న పిల్లలకు పిల్లల డాక్టరే మేలు. డోసులు బరువును బట్టి మారతాయి, జబ్బుల తీరూ వేరు.

మా ఊళ్లో ఆర్‌ఎంపీ ఇరవై ఏళ్లుగా చూస్తున్నాడు. ఆయన్ని మానేయాలా?

అర్ధరాత్రి పిలిస్తే బండేసుకుని వచ్చేది ఆయనే, కాదనను. ఆ సాయం పట్నం డాక్టరు ఎవరి దగ్గరా దొరకదు. కానీ ఆయనకు వైద్య డిగ్రీ గానీ మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ గానీ ఉండవు. నాన్న ఊళ్లో ఉన్నప్పుడు మోకాళ్లకు పొట్లం కట్టి ఇచ్చిన బిళ్లలు వాడారు. నొప్పి మంత్రం వేసినట్టు పోయింది. రెండు నెలల్లో ముఖం ఉబ్బింది, ఎప్పుడూ లేని షుగరు 280 చూపించింది. పొట్లంలో స్టెరాయిడ్ ఉందని తర్వాత తేలింది.

బీపీ చూపించుకోవడానికి, కట్టు మార్పించుకోవడానికి ఆయన దగ్గరికి వెళ్లండి. పేరు లేని బిళ్లలు, రోజూ ఓ యాంటీబయాటిక్ ఇంజెక్షన్ మాత్రం వద్దు. స్టెరాయిడ్ ఎన్నాళ్లుగానో వాడి ఉంటే సొంతంగా ఒక్కసారిగా ఆపకండి, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

ఛాతీలో నొప్పి వస్తే ముందు మా ఫిజీషియన్‌కే ఫోన్ చేయాలా?

వద్దు. 108కి చేయండి. ఛాతీ బిగబట్టినట్టు నొప్పి, చెమటలు, మూతి వంకర పోవడం, ఒక చెయ్యి పడిపోవడం, మాట తడబడటం, మనిషి స్పృహ తప్పడం, ఇవేవీ ఓపీలో టోకెన్ తీసుకుని కూర్చునే జబ్బులు కావు. పక్షవాతంలో గడ్డను కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. ముందే సీటీ స్కాన్ తీయాలి, ఆ టైమూ అందులోంచే పోతుంది. గ్యాస్ అయ్యుంటుందిలే అని సోడా తాగించి పడుకోబెట్టిన ఇళ్లు నాకు తెలుసు.

## వెతికేటప్పుడు

ఎక్కడ మొదలుపెట్టాలి? గూగుల్‌లో స్టార్లు నమ్మొచ్చా?

స్టార్లు చూడండి, లెక్క మాత్రం వేసుకోకండి. పార్కింగ్ లేదని ఒక స్టారు ఇచ్చినవారు, ఆసుపత్రి సిబ్బంది అడిగితే ఐదు ఇచ్చినవారు, అందరూ అందులో ఉంటారు.

నాకు పనికొచ్చిన దారి మందుల షాపు. క్లినిక్ పక్క షాపు కాదు, మన వీధిలోది. ఏ డాక్టరు చీటీలో మూడు మందులుంటాయో, ఎవరి చీటీలో పదకొండు ఉంటాయో ఆయన రోజూ చూస్తాడు. "మంచి డాక్టరు ఎవరండీ?" అని అడిగితే ఎవరి పేరూ చెప్పడు, మొహమాటం. "మీ అమ్మగారిని ఎవరికి చూపిస్తున్నారు?" అని అడిగాను. కాసేపు ఆలోచించి ఒక పేరు చెప్పాడు. ఇప్పుడు మేం వెళ్లేది ఆయన దగ్గరికే.

ఇంకో దారి, ఐదారేళ్లుగా షుగరు అదుపులో ఉన్నవాళ్లను అడగడం. జ్వరం తగ్గిన మనిషి ఏ డాక్టరునైనా పొగుడుతాడు. చాలా జ్వరాలు వాటంతటవే తగ్గేవే కదా. ఏళ్ల తరబడి ఒకరి దగ్గరే నిలిచినవాళ్ల మాటకు బరువెక్కువ.

బోర్డు మీద ఎండీ అని ఉంది. అది చాలదా?

ఎండీ తర్వాత ఏముందో చదవండి. ఎండీ అనస్థీషియా ఉంటుంది, ఎండీ రేడియాలజీ ఉంటుంది, ఎండీ ఆయుర్వేద, ఎండీ హోమియో కూడా ఉంటాయి. అన్నీ నిజమైన డిగ్రీలే, కాకపోతే మీకు కావలసినవి కాకపోవచ్చు. బోర్డు మీద జనరల్ మెడిసిన్ అన్న మాట కనపడాలి.

రష్యా లాంటి దేశాల్లో మొదటి వైద్య డిగ్రీ పేరే ఎండీ. అది ఇక్కడి ఎంబీబీఎస్‌తో సమానం. వాళ్లు ఎఫ్‌ఎంజీఈ అనే పరీక్ష పాసై ఇక్కడ వైద్యం చేస్తారు, అందులో తప్పేమీ లేదు. ఆ ఎండీ వేరు, జనరల్ మెడిసిన్‌లో మూడేళ్ల పీజీ వేరు అని తెలిసి ఉంటే చాలు. డయాబెటాలజీ అంటూ చిన్న చిన్న కోర్సుల పేర్లు వరసగా ఉంటే కంగారూ వద్దు, మురిసిపోవడమూ వద్దు. అసలు పీజీ ఏదో చూడండి.

రిజిస్ట్రేషన్ ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

2002 నాటి వైద్య నియమావళి ప్రకారం డాక్టరు తన రిజిస్ట్రేషన్ నంబరును క్లినిక్‌లో కనపడేలా పెట్టాలి, మందుల చీటీ మీద కూడా వేయాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు విడివిడిగా మెడికల్ కౌన్సిళ్లున్నాయి. 2014లో రాష్ట్రం విడిపోకముందే చదువు ముగించినవారి నంబరు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కౌన్సిల్‌ది అయి ఉండొచ్చు. హైదరాబాద్ డాక్టరుకు ఆంధ్ర నంబరేమిటని అనుమానపడనక్కర్లేదు. దేశం మొత్తానికి నేషనల్ మెడికల్ కమిషన్ వెబ్‌సైట్‌లో రిజిస్టర్ ఉంది, పేరు కొట్టి వెతకొచ్చు. పేర్ల స్పెల్లింగుతో విసుగొస్తుంది. నంబరుతో వెతికితే సులువు.

కార్పొరేట్ ఆసుపత్రి మేలా, సందులో క్లినిక్ మేలా?

రోజువారీ షుగరు, బీపీలకు నా ఓటు క్లినిక్‌కే. అక్కడ ఎప్పుడు వెళ్లినా అదే డాక్టరు ఉంటారు. పెద్ద ఆసుపత్రుల్లో ఈ నెల చూసినాయన వచ్చే నెలకు ఇంకో ఊళ్లో చేరిపోవచ్చు. మా ఐదుగురిలో ఇద్దరు అలాగే వెళ్లిపోయారు. అయితే క్లినిక్ డాక్టరుకు ఏ ఆసుపత్రిలో పేషెంట్లను అడ్మిట్ చేసే వీలుందో ముందే అడిగి పెట్టుకోండి. జ్వరం ముదిరి ప్లేట్‌లెట్లు పడిపోయిన రాత్రి ఆ ప్రశ్న అడిగే తీరిక ఉండదు.

ఒంట్లో రెండు మూడు అవయవాలు ఒకేసారి మొరాయిస్తున్నవాళ్ల సంగతి వేరు, వాళ్లకు అన్నీ ఒకేచోట ఉన్న ఆసుపత్రి కావాలి.

గవర్నమెంట్ ఆసుపత్రిలో మంచి ఫిజీషియన్ దొరుకుతారా?

దొరుకుతారు. కాకినాడ జీజీహెచ్ రంగరాయ మెడికల్ కాలేజీకి బోధనాసుపత్రి. విశాఖ కేజీహెచ్, వరంగల్ ఎంజీఎం, హైదరాబాద్ ఉస్మానియా, గాంధీ కూడా అలాంటివే. జనరల్ మెడిసిన్ ప్రొఫెసర్లు వాటిలో ఉంటారు. చాలాకాలంగా అంతుపట్టని జ్వరానికి అలాంటి చోటే సరైంది.

ఒక కిటుకు ఉంది. మెడిసిన్ విభాగం యూనిట్లుగా ఉంటుంది, ఒక్కో యూనిట్‌కు వారంలో ఒక్కో ఓపీ రోజు. మొదటిసారి మంగళవారం వెళ్తే మళ్లీ మంగళవారమే వెళ్లండి. బుధవారం వెళ్తే వేరే డాక్టర్లుంటారు, కథ మొదటి నుంచి చెప్పుకోవాలి. ఓపీ చీటీ మీద యూనిట్ నంబరు రాసి ఉంటుంది, పారేయకండి. పొద్దున్నే వెళ్లాలి. క్యూ ఉంటుంది, కూర్చోవడానికి చోటు దొరుకుతుందన్న భరోసా లేదు. మోకాళ్ల నొప్పులున్న మనిషితో వెళ్తే తోడు ఇంకొకరు ఉండాల్సిందే.

అమ్మ ఆడ డాక్టరైతేనే చెప్పుకుంటానంటోంది.

అయితే ఆడ డాక్టరునే వెతకండి. యూరిన్ ఇన్ఫెక్షన్ గురించి నోరు విప్పలేని చోట ఎంత గొప్ప డాక్టరున్నా లాభం లేదు. అయితే గైనకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లి షుగరుకు మందు రాయించుకోకండి, లేడీ డాక్టర్ అనగానే మనవాళ్లు నేరుగా అక్కడికే వెళ్తారు.

## మొదటిసారి వెళ్లే రోజు

ఏ జబ్బూ లేకుండా వెళ్తే డాక్టరు నవ్వరా?

మా డాక్టరు గారు నవ్వలేదు. "చాన్నాళ్లకి ఒక తెలివైన పేషెంట్" అన్నారు, ఇంట్లో ఆ మాట వారం పాటు చెప్పుకున్నాను. 104 జ్వరంతో కొత్త డాక్టరు ముందు కూర్చుంటే ఆయనకు కనపడేది జ్వరమే. బాగున్నప్పుడు వెళ్తే మీ మామూలు బీపీ, బరువు, ఇంట్లో ఎవరికి ఏ జబ్బులున్నాయన్నది ఫైల్లోకి ఎక్కుతాయి. రద్దీ లేని వేళ చూసుకుని వెళ్లండి. సోమవారం సాయంత్రం మాత్రం వద్దు.

ఏమేం తీసుకెళ్లాలి?

అమ్మ రిపోర్టులన్నీ చీరల షాపు కవర్లో ఉండేవి. 2011 నాటి ఎక్స్‌రే పైన, మొన్నటి రక్తపరీక్ష అడుగున. డాక్టరు గారు ఆ కవరు బోర్లించి ఓపిగ్గా వెతుకుతుంటే నాకే సిగ్గేసింది. ఇప్పుడు ఒక ఫైలు పెట్టాం, కొత్తవి పైన, పాతవి కింద. ఆ ఫైలుతో పాటు వాడుతున్న మందుల స్ట్రిప్పులన్నీ తీసుకెళ్లండి. పేర్లు రాసుకెళ్తే తప్పులు పడతాయి. కాల్షియం, విటమిన్ బిళ్లలు, ఆయుర్వేదం పొడులు, కళ్ల చుక్కలు కూడా సంచీలో వేయండి, "అవి మందులు కావుగా" అనుకోకండి. ఏ మందు పడదో ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఫైలు అట్ట లోపల అంటించండి.

పరగడుపున వెళ్లాలా?

ఫాస్టింగ్ షుగరుకు ఎనిమిది గంటలు ఏమీ తినకూడదు, మంచినీళ్లు తాగొచ్చు. కాఫీ తాగితే ఫాస్టింగ్ కాదు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీకి పరగడుపు అక్కర్లేదు. అది 6.5 గానీ అంతకు మించి గానీ ఉంటే షుగరు వ్యాధి కింద లెక్క. సాయంత్రం ఓపీకి మాత్రం శుభ్రంగా తిని వెళ్లండి. షుగరు మాత్ర వేసుకుని ఏమీ తినకుండా టోకెన్ 42 కోసం కూర్చుంటే అక్కడే కళ్లు తిరుగుతాయి.

రెండు నిమిషాల్లో పంపేశారు. మంచి డాక్టరేనా?

నిమిషాలు లెక్కపెట్టకండి. వాడుతున్న మందులేమిటని అడిగారా, చేత్తో పరీక్షించారా, ఏం జబ్బు అనుకుంటున్నారో చెప్పారా, మళ్లీ ఎప్పుడు రమ్మన్నారు, ఇవి చూడండి. నెలనెలా వెళ్లే బీపీ పేషెంటుకు ఐదు నిమిషాలు సరిపోతాయి. కొత్త పేషెంటును తలెత్తి చూడకుండానే పెన్ను కదిలిందంటే నేనైతే రెండోసారి వెళ్లను.

నాన్న లోపలికెళ్లి "బాగానే ఉన్నానండీ" అని వచ్చేస్తారు. ఏం చేయాలి?

మా ఇంట్లోనూ ఇదే. ఇంట్లో రాత్రంతా దగ్గు, డాక్టరు ముందు కూర్చోగానే మనిషికి యౌవనం వచ్చేస్తుంది. నాలుగు ముక్కలు కాగితం మీద రాసి, ఫైలుతో పాటు ముందే లోపలికి పంపుతున్నాను: "మెట్లు సగంలో ఆగుతున్నారు. రెండు దిండ్లు లేనిదే పడుకోవడం లేదు. కాళ్లకు సాయంత్రం వాపు." డాక్టరు గారు అది చదివి, నాన్నతో తన ప్రశ్నలుగానే అడుగుతారు. తన మీద ఫిర్యాదు చేశామని నాన్నకు అనిపించదు.

నీరసంగా ఉంది, ఒక సెలైన్ ఎక్కించమంటే ఎక్కించలేదు. పట్టించుకోలేదా?

పట్టించుకున్నారు కాబట్టే ఎక్కించలేదు. అర లీటరు నార్మల్ సెలైన్ అంటే నీళ్లు, నాలుగున్నర గ్రాముల ఉప్పు, అంతే. వాంతులై నీళ్లు కూడా నిలవనివాళ్లకు అది ప్రాణం పోస్తుంది. నోటితో తాగగలిగినవాళ్లకు లీటరు నీళ్లలో కలుపుకునే ఓఆర్‌ఎస్ ప్యాకెట్ చాలు. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు, కిడ్నీ జబ్బున్నవాళ్లకు అనవసరపు సెలైన్‌తో ఆయాసం పెరుగుతుంది.

## చూపించుకున్నాక

రిపోర్టులు చూపించడానికి మళ్లీ ఫీజు కట్టాలా?

చాలాచోట్ల ఒకసారి కట్టిన ఓపీ వారమో పది రోజులో నడుస్తుంది. ఎన్ని రోజులో చీటీ మీద చూసుకోండి, లేకపోతే కాంపౌండర్‌ను అడగండి. మేం 400 కడతాం, పది రోజుల్లోపు రిపోర్టులకు మళ్లీ తీసుకోరు.

టెస్టులు, మందులు వాళ్ల దగ్గరే కొనాలా?

అక్కర్లేదు. చీటీ మీ సొంతం, ఎక్కడైనా చేయించుకోవచ్చు, ఎక్కడైనా కొనుక్కోవచ్చు. "బయటి రిపోర్టు చూడం" అని గట్టిగా అంటే కారణం అడగండి. థైరాయిడ్ లాంటివి ప్రతిసారీ ఒకే ల్యాబ్‌లో చేయించుకుంటే పోల్చుకోవడం తేలిక, ఆ సలహాలో న్యాయం ఉంది. అది కాక ఇంకేదో గొణిగితే మీకే అర్థమవుతుంది. తక్కువ ధరకు జెనెరిక్ మందులమ్మే జన ఔషధి షాపులో కొనేటప్పుడు స్ట్రిప్పు వెనక మందు పేరు, మిల్లీగ్రాములు చీటీతో కలిశాయో లేదో చూసుకుని, తర్వాతి ఓపీకి ఆ స్ట్రిప్పు చూపించండి.

షుగరు నార్మల్‌కు వచ్చింది కదా, మాత్ర ఆపేయొచ్చా?

ఆ మాత్ర వల్లే నార్మల్‌కు వచ్చి ఉండొచ్చు. అడక్కుండా ఆపొద్దు.

వాట్సాప్‌లో రిపోర్టు పంపితే చూస్తారా?

కొందరు చూస్తారు, కొందరు నంబరే ఇవ్వరు. 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం ఫోన్‌లో, వీడియోలో, మెసేజ్‌లో సలహా ఇవ్వడం చట్టబద్ధమే, దానికి ఫీజు అడగడమూ సబబే. ఉచితంగా కావాలంటే కేంద్ర ప్రభుత్వ ఈ-సంజీవని ఉంది. పాత మందులు కొనసాగించడానికి అది బాగుంటుంది. పొట్ట నొక్కి చూడాల్సిన జబ్బుకు ఫోన్ చాలదు. రాత్రి పదకొండుకు "సార్, చిన్న డౌట్" అని పంపేవాళ్లలో ఒకప్పుడు నేనూ ఉన్నాను, మానేశాను.

ఆరోగ్యశ్రీ కార్డుతో ఓపీ చూపించుకోవచ్చా?

ఆ పథకం ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సలకు. క్లినిక్‌లో డాక్టరు ఫీజు, నెలవారీ మాత్రలు అందులో రావు. ఆంధ్రాలో ఇప్పుడు దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ. ఈఎస్‌ఐ ఉన్నవాళ్లకు డిస్పెన్సరీలో ఓపీ, మందులు ఉచితం. జీతంలో కోత పడుతున్నా ఆ సంగతి తెలియనివాళ్లు మా ఆఫీసులోనే ఉన్నారు.

డాక్టరును మార్చాలంటే మొహమాటంగా ఉంది. పాత కాగితాలు ఇస్తారా?

మొహమాటం మనకే, వాళ్లకు అలవాటే. ఇన్‌పేషెంటుగా ఉంటే ఆ రికార్డులను మూడేళ్లు దాచాలని, అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని ఆ 2002 వైద్య నియమావళిలోనే ఉంది. ఒక కాగితం మీద రాసిచ్చి, రెండో కాపీ మీద సంతకం పెట్టించుకోండి. మాకు ఒకచోట "సార్ లేరు, రేపు రండి" అని నాలుగు రోజులు తిప్పారు. సంతకం పెట్టించుకున్న కాపీ చూపించాక ఐదో రోజు ఇచ్చారు.

## దూరంగా ఉన్నవాళ్లకు

నేను డల్లాస్‌లో, అమ్మానాన్న అమలాపురంలో. ఇక్కణ్నుంచి ఎలా వెతకాలి?

వెతకడం మీరు చేయకండి. తోడుగా క్లినిక్‌కు వెళ్లగలిగే ఒక మనిషిని వెతకండి: మేనత్త కొడుకో, పక్కింటబ్బాయో. క్లినిక్ ఇంటి నుంచి ఆటోలో ఇరవై నిమిషాల లోపు ఉండాలి. రాజమండ్రిలో గొప్ప డాక్టరున్నా నెలనెలా అంత దూరం వెళ్లలేక మూడో నెల నుంచి మానేస్తారు. వచ్చే సెలవుల్లో మీరే ఒకసారి డాక్టరును కలిసి, అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలో ఫైలు మీద రాయించండి.

అమ్మానాన్న ఆరు నెలలు ఉండటానికి అమెరికా వస్తున్నారు. ఇక్కడ ఇంటర్నల్ మెడిసిన్ డాక్టరు దొరుకుతారా?

దొరుకుతారు, కానీ రేపు కాదు. కొత్త పేషెంట్లను తీసుకుంటున్నారా అని ముందే ఫోన్ చేయాలి, అపాయింట్‌మెంట్‌కు వారాలు పట్టొచ్చు. ఇంటర్నల్ మెడిసిన్ వాళ్లు పెద్దలనే చూస్తారు, ఫ్యామిలీ మెడిసిన్ వాళ్లు పిల్లలనూ చూస్తారు, అమ్మానాన్నలకు ఎవరైనా పరవాలేదు. విజిటర్ ఇన్సూరెన్సుల్లో చాలావాటికి పాత షుగరు, బీపీలు వర్తించవు. పాలసీ కొనకముందే ఆ పేరా చదవండి.

అందుకే అసలు పని ఇక్కడే, బయల్దేరే నెల ముందు జరగాలి. ఇక్కడి ఫిజీషియన్‌తో రక్తపరీక్షలన్నీ చేయించి, మందుల చీటీలో కంపెనీ పేర్లు కాకుండా అసలు మందు పేర్లు ఇంగ్లీషులో రాయించుకోండి. మీ మందు కంపెనీ పేరు అక్కడి ఫార్మసీలో ఎవరికీ తెలియదు. సాధారణంగా 90 రోజులకు సరిపడా మందులే వెంట తీసుకెళ్లనిస్తారు కాబట్టి, మిగతా మూడు నెలలకు అక్కడి డాక్టరు అపాయింట్‌మెంట్ మొదటి వారంలోనే పెట్టించండి. స్ట్రిప్పులు విప్పి డబ్బాల్లో పోయొద్దు, మందులు ఒరిజినల్ ప్యాకింగ్‌లో, చీటీతో కలిపి చేతి సంచీలో ఉండాలి. మా పెద్దమ్మ ఆవకాయ జాడీని చేతి సంచీలో పెట్టి, థైరాయిడ్ మాత్రలను పెద్ద సూట్‌కేసులో వేసింది. సూట్‌కేసు మూడు రోజులు ఆలస్యంగా వచ్చింది.